పెరటి కుంటలో సన్న మడ్డి తేరాలంటే: డ్రమ్ము ఫిల్టర్, పటిక, ఒడ్డు పని

అడిగిన విషయం ఇదీ: కావలి దగ్గర పెరట్లో 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతున్న సిమెంటు కుంట. అందులో రెండు తామర కుండీలు, పదీ పన్నెండు గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు కోయి చేపలు. కూలర్ మోటారుతో నీళ్ళు తోడి, బకెట్‌లో పెట్టిన స్పాంజి మీద పోస్తున్నారు. స్పాంజికి రోజూ మురికి పడుతోంది గానీ నీళ్ళు మాత్రం మట్టి రంగు వదలడం లేదు. నవంబరు వానలకు మరీ ఎక్కువైంది. మొత్తం తోడేసి కొత్త నీళ్ళు పెట్టినా వారం తిరిగేసరికి మళ్ళీ అదే కలక. ఖరీదైన ఫిల్టర్ కొనకుండా ఇంట్లోనే చేసుకునే మార్గం ఉందా?

ఉందండీ. కాకపోతే ఇంకో పెద్ద స్పాంజి తెచ్చి పెడితే తీరే పని కాదిది. స్పాంజికి దొరికేది దొరుకుతూనే ఉంది, అందుకే అది రోజూ మురికవుతోంది. నీళ్ళలో మిగిలిపోతున్నది దాని రంధ్రాల్లోంచి హాయిగా దాటిపోయే సన్న మట్టి. ఆ మట్టి ఎంత సన్నదో, ఎక్కడినుంచి వస్తోందో తేలకుండా ఏ ఫిల్టర్ కట్టినా డబ్బు దండగ.

ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టండి. రంగు లేని, లోపలికి కనబడే లీటరు వాటర్ బాటిల్ తీసుకుని, పొద్దున్నే కుంట మధ్యలో చెయ్యంత లోతు నుంచి నీళ్ళు పట్టి, కదలని చోట 24 గంటలు ఉంచండి. అడుగున మడ్డి దిగి పైన నీళ్ళు తేరుకుంటే అది ఒండ్రు, చేపల పెంట. దానికి డ్రమ్ము ఫిల్టర్ చాలు. మర్నాటికి కూడా పాలు కలిపినట్టు, మట్టి కలిపినట్టు అలాగే ఉంటే అది బంకమట్టి. ఆకుపచ్చగా నిలిస్తే నాచు. నీళ్ళు తేటగానే ఉండి టీ డికాషన్ రంగు కనిపిస్తే ఆకులు నాని దిగిన రంగు, అది మట్టే కాదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఒండ్రు, బంకమట్టి రెండూ కలిసే ఉంటాయి.

వీటి మధ్య తేడా ఎంతో లెక్కలో చూస్తే విషయం అర్థమవుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 30 డిగ్రీల నీళ్ళలో 20 మైక్రాన్ల ఒండ్రు రేణువు మీటరు లోతు దిగడానికి 40 నిమిషాల లోపే పడుతుంది. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువు అదే మీటరు దిగాలంటే రెండున్నర రోజులు కావాలి, అదీ నీళ్ళు ఏమాత్రం కదలకుండా ఉంటే. అంతకన్నా సన్నవి దిగనే దిగవు. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. చేపలు తోక ఆడించే కుంటలో వాటంతట అవి తేరుకోవడం జరగని పని. పైగా వాననీళ్ళలో లవణాలు ఉండవు. కాల్షియం ఎక్కువున్న బోరు నీళ్ళలో బంకమట్టి ఎంతో కొంత గుంపు కట్టి దిగుతుంది, వాన పడి ఆ నీళ్ళు పలచబడగానే మళ్ళీ విడిపోతుంది. నవంబరు తర్వాత కలక ముదరడానికి బయటినుంచి వచ్చే మట్టి ఒక కారణం, ఇది రెండో కారణం.

మట్టి వచ్చే దారులు మూసేదాకా ఫిల్టర్ జోలికి పోవద్దు. మీ కుంట సిమెంటుది కాబట్టి దారులు మూడే. మొదటిది ఒడ్డు. కుంట అంచు పెరటి నేల కంటే కనీసం 6 అంగుళాలు ఎత్తు లేకపోతే ప్రతి వానకూ పెరడంతా కుంటలోకే కడుగుతుంది. ఒక వరస ఇటుక కట్టి పూత పూయండి. దాని వెలుపల అడుగు వెడల్పున, అర అడుగు లోతున కాలువ తవ్వి కంకర నింపి, పల్లం వైపుకి వాలు ఇవ్వండి. కంకర ఉంటే వాన చినుకులకు మట్టి ఎగిరి కుంటలో పడదు కూడా. చీమకుర్తి వైపు వాళ్ళకు గ్రానైట్ ముక్కలు దొరుకుతాయి, అవీ పనికొస్తాయి, రాతిపొడి పోయేలా బాగా కడిగి వేసుకోవాలి.

రెండోది తామర కుండీలు. కోయి చేప బంగారు తీగ జాతిదే. మట్టి కనిపిస్తే మూతి పెట్టి కెలకడం దాని స్వభావం. కుండీలో మట్టి పైన రెండు అంగుళాల మందాన గులకరాళ్ళు పరవండి. రాయి చేప నోట పట్టనంత ఉండాలి, అంగుళంన్నరకు తగ్గకూడదు. చిన్న గులకలు వేస్తే చేపలు వాటిని నోట్లో పెట్టుకుని పక్కన ఉమ్మేసి మళ్ళీ మట్టిలోకే వెళతాయి. కుండీ మట్టిలో ఎండిన పేడ, ఆకు ఎరువు కలిపి ఉంటే రంగు దిగుతూనే ఉంటుంది. ఉత్త బంకమట్టి నింపడమే మంచిది. మూడోది అడుగున పేరుకున్న పాత మడ్డి. మోటారు ఆపి, అంగుళం గొట్టంతో సైఫన్ పెట్టి, మెల్లగా నేలను తడుముతూ లాగేయండి. ఆ నీళ్ళు మొక్కలకు బలం, పారబోయకండి.

కుంట సిమెంటుది కాకుండా ఉత్త మట్టి గుంట అయితే ఈ మూడు పనులూ చాలవు, షీటు వేయాల్సిందే. రొయ్యల చెరువులకు వాడే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ షీటు నెల్లూరు జిల్లా కోస్తా అంతటా తెలిసిన సరుకే. పెద్ద చెరువులకు కోసాక మిగిలిన ముక్క దొరికితే పెరటి కుంటకు సరిపోతుంది.

ఇక ఫిల్టర్. మీ కుంట 150 ఘనపుటడుగులు, ఘనపుటడుగుకి 28.3 లీటర్ల లెక్కన 4,245 లీటర్లు. కుండీలు పోగా 4,000 అనుకోండి. చేపలున్న కుంటలో నీళ్ళన్నీ రెండు గంటలకోసారి ఫిల్టర్ గుండా తిరగాలి, అంటే గంటకు 2,000 లీటర్లు. ఇది మోటారు డబ్బా మీద రాసిన అంకె కాదు, డ్రమ్ములో వాస్తవంగా పడే నీళ్ళు. 18 వాట్ల కూలర్ మోటారు మీద గంటకు 1,100 లీటర్లని ఉన్నా అది ఎత్తు లేనప్పటి మాట. మీటరు ఎత్తు ఎక్కించేసరికి అందులో సగం వస్తే గొప్ప. కొలవడం తేలిక. పైపు చివర 20 లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూడండి. 36 సెకన్లలో నిండితే గంటకు 2,000. మీకు 40 వాట్ల సబ్‌మెర్సిబుల్, రెండున్నర మూడు మీటర్ల ఎత్తు దాకా ఎక్కించగలది కావాలి. రోజంతా నడిచినా రోజుకు యూనిట్ లోపే, నెలకు 29 యూనిట్లు.

డ్రమ్ములు రెండు, 200 లీటర్ల నీలం రంగువి. పాత డ్రమ్ము కొనేటప్పుడు ముందు అందులో ఏముండేదో అడగండి. పళ్ళ గుజ్జు, వంటనూనె వచ్చినవి మంచివి. పురుగుమందు, యాసిడ్ వచ్చినది ఎంత కడిగినా వద్దు. నిండిన డ్రమ్ము 200 కిలోల పైమాటే, కాబట్టి నాలుగంగుళాల మందం కాంక్రీటు బిళ్ళ మీద పెట్టండి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో ఇది మరీ ముఖ్యం. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది, డ్రమ్ము ఒరిగితే పైపు జాయింట్లన్నీ కారతాయి.

మొదటి డ్రమ్ము పని మడ్డిని దించడం, వడకట్టడం కాదు. అందుకే అందులో ఏ దూదీ పెట్టకూడదు. 20 లీటర్ల పెయింటు బకెట్ అడుగు కోసేసి, డ్రమ్ము నడుమ నిలువుగా వేలాడదీయండి. పై అంచు నీటి మట్టానికి రెండంగుళాలు పైన ఉండాలి. మోటారు నుంచి వచ్చే అంగుళం పైపు డ్రమ్ము పక్కనుంచి లోపలికి వచ్చి, బకెట్ మధ్యలో ఎల్బోతో పైకి తిరగాలి. నీళ్ళు పైకి కొట్టి, బకెట్ గోడకు తగిలి వేగం తగ్గి, కిందికి దిగి, బకెట్ అంచు కిందనుంచి బయటికి వచ్చి మెల్లగా పైకి లేస్తాయి. ఆ మలుపులో బరువున్నది అడుక్కి జారుతుంది. పైన రెండంగుళాల పైపుతో రెండో డ్రమ్ముకు, అడుగున ఒకటిన్నర అంగుళం బాల్ వాల్వ్‌తో బయటికి. వాల్వ్ కోసం తొలిచే రంధ్రం డ్రమ్ము అడుగుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ట్యాంక్ నిపుల్‌కి (రంధ్రంలో బిగించి పైపు తగిలించే జాయింటు) రబ్బరు వాషరు లోపలి వైపు రావాలి. బయట వేసి సొల్యూషన్ ఎంత పూసినా కారడం ఆగదు, ఎందుకంటే పీవీసీ సొల్యూషన్ ఈ డ్రమ్ము ప్లాస్టిక్‌కి అసలు అంటుకోదు.

ఈ డ్రమ్ము నుంచి ఎంత ఆశించవచ్చో కూడా చెప్పుకోవాలి. 58 సెంటీమీటర్ల వెడల్పు డ్రమ్ములో బకెట్ చోటు పోగా నీళ్ళు పైకి లేచే జాగా 0.19 చదరపు మీటర్లు. గంటకు 2,000 లీటర్లు పోస్తే నీళ్ళు సెకనుకు దాదాపు 3 మిల్లీమీటర్ల వేగంతో పైకొస్తాయి. ఆ వేగాన్ని ఎదిరించి దిగేది 50 మైక్రాన్లు, ఆపైన ఉన్న మట్టి మాత్రమే. అంటే తలవెంట్రుక మందానికి కాస్త తక్కువ. మోటారు పెద్దది పెడితే ఎక్కువ శుభ్రం అవుతుందనుకుని గంటకు 4,000 లీటర్లు తోస్తే ఈ డ్రమ్ము పెద్దగా ఏమీ దించదు, మురికిని ఇటునుంచి అటు పంపుతుందంతే. ఇంట్లో కట్టిన ఫిల్టర్లు పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండో డ్రమ్ములో వడకట్టడం. మొదటి డ్రమ్ముకు అర అడుగు పీఠం వేసి, దీన్ని కింద పెట్టండి. వచ్చిన నీళ్ళు రెండంగుళాల నిలువు పైపులో అడుగుదాకా దిగి, అక్కడినుంచి పైకి రావాలి. అడుగున 8 అంగుళాలు ఖాళీ, దానికో డ్రెయిన్ వాల్వ్. ఆ పైన ప్లాస్టిక్ క్రేటు అడుగు భాగం గుండ్రంగా కోసి జాలీగా పెట్టండి. జాలీ మీద షేడ్‌నెట్‌ను వదులుగా ఉండలు చుట్టి అడుగు ఎత్తున నింపండి. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచులు కూడా కలపవచ్చు, స్టీలు పీచు వద్దు. దాని మీద ముతక ఫిల్టర్ మ్యాట్ రెండంగుళాలు, ఆ పైన పాలిస్టర్ వ్యాడింగ్, అంటే షీటుగా ఉండే కృత్రిమ దూది, అంగుళం మందానివి మూడు పొరలు. సోఫా సామాన్ల కొట్లో షీటుగా దొరికే వ్యాడింగ్ తీసుకోండి. దిండ్లలో కూరే జారుడు దూదికి సిలికాన్ పూత ఉంటుంది, అది నీళ్ళు పట్టదు, ముద్దగా తేలుతుంది. పైన ఇంకో జాలీ వేసి రాయి బరువు పెట్టండి. ఆ జాలీకి నాలుగంగుళాల పైన రెండంగుళాల పైపు నీళ్ళను కుంటలోకి వదులుతుంది. మోటారు నుంచి వచ్చే పైపు కంటే బయటికి పోయే పైపు ఎప్పుడూ పెద్దదిగా ఉండాలి, బయటికి పోయే నీళ్ళను తోసే మోటారు లేదు కదా.

వ్యాడింగ్ గుండ్రంగా కోసేటప్పుడు డ్రమ్ము కొలత కంటే అంగుళం ఎక్కువే కోసి, అంచులు గోడకు ఒత్తుకునేలా దూర్చండి. సరిగ్గా కొలతకు కోస్తే రెండు రోజుల్లో దూది మురికి పట్టి బిగుస్తుంది, నీళ్ళు అంచున సందు చేసుకుని వడకట్టకుండానే పైకి వచ్చేస్తాయి. పై పొర ఎత్తి చూడండి. మధ్యలో తెల్లగా ఉండి చుట్టూ గోడ వెంబడే గోధుమ రంగు గీత కనబడితే నీళ్ళు దూది గుండా పోవడం లేదని అర్థం.

మొదటి డ్రమ్ము పై అంచుకు రెండంగుళాల కింద ఒకటిన్నర అంగుళం ఓవర్‌ఫ్లో పైపు పెట్టి కుంటలోకే వదలండి. ఇది లేకపోతే దూది మూసుకుపోయిన రాత్రి డ్రమ్ము పొర్లి, మోటారు కుంటనంతా పెరట్లోకి తోడేస్తుంది. తెల్లారేసరికి చేపలు నేల మీద ఉంటాయి. ఓవర్‌ఫ్లోలో నీళ్ళు కనబడటమే దూది మార్చమని గుర్తు. మొదటి వారం రోజు విడిచి రోజు మార్చాల్సి వస్తుంది, తర్వాత వారానికోసారి. మురికైన వ్యాడింగ్‌ను గొట్టంతో ఝాడించి రెండు మూడు సార్లు వాడి పారేయండి. రెండు డ్రమ్ముల అడుగు వాల్వులూ వారానికి రెండుసార్లు, నల్లనీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా తెరవండి.

షేడ్‌నెట్‌ను మాత్రం దూదిలా కడగకూడదు. చేపలు వదిలే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఉండేది అక్కడే. అది స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మున్సిపాలిటీ కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి చచ్చిపోతుంది. మూడు నాలుగు నెలలకోసారి, కుంట నీళ్ళనే బకెట్‌లో తీసుకుని అందులో ముంచి ఝాడిస్తే చాలు. డ్రమ్ముల పైన దోమతెర కట్టడం మర్చిపోకండి.

మోటారును నీళ్ళు తిరిగి పడే చోటికి ఎదురు మూల, ఇటుక మీద పెట్టండి. మోటారు రెక్కలు పెంటను తునకలు చేసి సన్నం చేస్తాయి, అది ఈ పద్ధతిలో ఉన్న లోపమే. కొత్తగా కుంట కట్టేవాళ్ళు నేల మధ్యలో మూడంగుళాల బాటమ్ డ్రెయిన్ పెట్టి, డ్రమ్ములను కుంట నీటి మట్టానికి పాతి, మోటారు చివరి డ్రమ్ములో పెట్టుకుంటే మురికి తునక కాకుండానే దిగిపోతుంది. కట్టిన కుంటకు గోడ పగలగొట్టి ఆ పని చేయమని నేను చెప్పను.

ఇంత చేశాక వారం పది రోజుల్లో ఒండ్రు పోతుంది, బంకమట్టి మిగులుతుంది. దాన్ని పట్టే దూది లేదు. దాన్ని గుంపు కట్టించాలి, అందుకు పటిక. బిందె నీళ్ళలో పటిక తిప్పడం, చిల్లగింజ అరగదీసి తేర్చడం మనకు కొత్త కాదు, సూత్రం అదే. కానీ కుంటలో చేపలున్నాయి కాబట్టి చేతి అంచనా పనికిరాదు, తూచి వేయాలి. చిల్లగింజ, మునగ గింజ బిందెకు బాగానే ఉంటాయి. 4,000 లీటర్లకు అయితే మునగ పప్పే వందల గ్రాములు కావాలి, అది కుళ్ళి నీళ్ళలో ఆక్సిజన్ తినేస్తుంది.

కిరాణా కొట్లో దొరికే తెల్ల పటిక 10 గ్రాములు పొడి చేసి లీటరు నీళ్ళలో కరిగించండి. ఈ ద్రావణం ఒక మిల్లీలీటరు లీటరు కుంట నీళ్ళలో వేస్తే లీటరుకు 10 మిల్లీగ్రాములు వేసినట్టు. లీటరు బాటిళ్ళు నాలుగింటిలో కుంట నీళ్ళు నింపి, సిరంజితో వరసగా 1, 2, 3, 4 మిల్లీలీటర్లు వేసి, అర నిమిషం గట్టిగా, అయిదు నిమిషాలు మెల్లగా తిప్పి నిలబెట్టండి. అరగంటలో పత్తి తునకల్లాంటి ముద్దలు కట్టి దిగిన బాటిళ్ళలో అన్నిటికంటే తక్కువ మోతాదు ఏదో అదే మీ మోతాదు. రెండు మిల్లీలీటర్ల బాటిల్ తేరితే లీటరుకు 20 మిల్లీగ్రాములు, అంటే 4,000 లీటర్లకు 80 గ్రాములు. నాలుగులో కూడా తేరకపోతే ఇంకా పెంచుకుంటూ పోకండి, తప్పు పీహెచ్‌లో (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చూపే అంకె) ఉండి ఉంటుంది.

పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా కిట్లు రొయ్యల మందుల కొట్లో దొరుకుతాయి. పీహెచ్ 6.5కూ 8కీ మధ్య ఉంటేనే పటిక సరిగా ముద్ద కడుతుంది. కొత్త సిమెంటు కుంటలో సున్నం దిగి పీహెచ్ 9 దాటుతుంది. అక్కడ పటిక ముద్ద కట్టదు సరికదా, అల్యూమినియం నీళ్ళలో కరిగి ఉండిపోయి చేప మొప్పలను దెబ్బతీస్తుంది. నాచు ఉన్న కుంటలో మధ్యాహ్నం పీహెచ్ పెరుగుతుంది, కాబట్టి పొద్దున్నే వేయాలి. పటిక ఆల్కలినిటీని, అంటే ఆమ్లాన్ని తట్టుకుని పీహెచ్ పడిపోకుండా కాచే గుణాన్ని, తింటుంది. ఫిల్టర్ ఆలం (నీటి శుద్ధి కేంద్రాల్లో వాడే పటిక) అయితే ఒక మిల్లీగ్రాముకు అర మిల్లీగ్రాము దాకా, తెల్ల పటిక అంతకన్నా తక్కువ. మన వైపు బోరు నీళ్ళలో ఆల్కలినిటీకి సాధారణంగా కొదవ ఉండదు. కానీ వాననీళ్ళతో నిండిన కుంటలో లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు చూపిస్తే ముందురోజే వంటసోడా కరిగించి పోయండి. 4,000 లీటర్లలో ఆల్కలినిటీ 20 పెరగడానికి 135 గ్రాములు పడుతుంది. సున్నం జోలికి పోవద్దు.

వేసే రోజుకు ముందురోజు చేపలకు మేత ఆపండి. తూచిన పటికను ప్లాస్టిక్ బకెట్‌లో 10 లీటర్ల నీళ్ళకు కలిపి, మోటారు నడుస్తుండగా మగ్గుతో కుంటంతా చల్లండి. పావుగంట తిరిగాక మోటారు ఆపి, ఎయిర్ స్టోన్‌ను (గాలి పంపుకు తగిలించి బుడగలు వదిలే రాయి) నీటి పైభాగానికి దగ్గరగా వేలాడదీయండి, అడుగు కదలకూడదు. షేడ్‌నెట్ ఉండలు వల సంచిలో కట్టి ఆ ఎయిర్ స్టోన్ పక్కనే ముంచండి. 35 డిగ్రీల నీళ్ళలో గాలి లేకుండా కొన్ని గంటలుంటే ఆ బ్యాక్టీరియా చస్తుంది, డ్రమ్ము కుళ్ళు వాసన వేస్తుంది. సాయంత్రానికి నేల మీద మెత్తటి తెర పరుచుకుంటుంది. దాన్ని కదిలించకుండా సైఫన్‌తో లాగేసి, పోయినన్ని నీళ్ళు పోసి, షేడ్‌నెట్ మళ్ళీ డ్రమ్ములో నింపి, కొత్త దూది వేసి మోటారు వేయండి. లాగకుండా వదిలేస్తే కోయి చేపలు రాత్రికి రాత్రే మళ్ళీ కలిపేస్తాయి. మధ్యలో చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ఆగకుండా మూడో వంతు నీళ్ళు మార్చండి. మార్చే నీళ్ళు కుళాయివైతే ముందే తొట్టిలో నిలవబెట్టి క్లోరిన్ పోనిచ్చినవి ఉండాలి. పటిక ఏడాదికి ఒకటి రెండుసార్లు వాడేది. నెలనెలా అవసరం పడుతోందంటే ఒడ్డో కుండీయో ఇంకా మట్టి వదులుతోందన్నమాట.

పటిక మీద భయముంటే జిప్సం ఉంది. 4,000 లీటర్లకు కిలో, అంటే లీటరుకు 250 మిల్లీగ్రాములు. పీహెచ్‌ని మార్చదు, చేపలకు పటికంత ప్రమాదమూ లేదు, కాకపోతే తేరడానికి రోజులు పడుతుంది. ముందే కాల్షియం ఎక్కువున్న బోరు నీళ్ళలో దీని వల్ల పెద్ద ఉపయోగం ఉండదు.

నాచుకు ఈ డ్రమ్ములు చాలవు, దాని కణాలు దూదిలోంచి దాటిపోతాయి. కుంట మీద సగం నీడ, మేత తగ్గించడం, తప్పకపోతే 9 లేక 11 వాట్ల యూవీ దీపం. డ్రమ్ము నుంచి నీళ్ళు తిరిగి వచ్చే దారిలో చిన్న తొట్టి కట్టి, కంకరలో మెట్టతామర, వట్టివేరు నాటితే మట్టికీ నాచుకీ రెండింటికీ పనికొస్తుంది. ఆ తొట్టి కుంట వైశాల్యంలో అయిదో వంతైనా ఉండాలి. గుర్రపు డెక్క వేళ్ళు సన్న మట్టిని పట్టడంలో ఏ దూదికీ తీసిపోవు, కానీ అది కాల్వలోకి చేరితే ఊరికే తలనొప్పి. తీసేసినది ఎండబెట్టి కంపోస్టులో వేయండి, కాల్వలో పారేయకండి.

ఫలితం కంటితో అంచనా వేయకండి, ఒకరోజు ఎండకు ఒకలా ఇంకోరోజు మబ్బుకు ఇంకోలా కనిపిస్తుంది. తెల్లటి డబ్బా మూతకు రాయి కట్టి, అంగుళాలకు ముడులు వేసిన దారంతో దించండి. కనుమరుగయ్యే లోతు వారానికోసారి ఒకే వేళకు రాసుకోండి. 8 అంగుళాల దగ్గర మొదలై పటిక తర్వాత నేల దాకా కనిపించాలి.

కరెంటు పని మాత్రం మీరే చేసుకోవద్దు. నీళ్ళలో మోటారు ఉన్న లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి), సరైన ఎర్త్ వేయించండి. ప్లగ్గు వాన తడవని చోట, వైరు ప్లగ్గుకు చేరేముందు కిందికి వేలాడి వంపు తిరిగేలా ఉండాలి. చెయ్యి నీళ్ళలో పెట్టే ప్రతిసారీ ముందు స్విచ్చి ఆపి ప్లగ్గు పీకండి.

ఒడ్డు పని, కంకర కాలువ సెప్టెంబరు లోపు పూర్తి చేయండి. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య వానలే పెద్దవి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు దూది తీసేసి డ్రమ్ములను దూది లేకుండానే నడపండి, వాన వెలిశాక అడుగు మడ్డి లాగి, కొత్త దూది వేసి, రెండు రోజులు తిరగనిచ్చి, అప్పటికీ బాటిల్ పరీక్షలో కలక తేరకపోతేనే పటిక తూచండి.